అద్దె వస్తుంది కదా అని లోన్ తీసుకుంటే

మా బావకి ఒక అలవాటుంది. ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే చాలు, "అద్దె ఎంతొస్తుంది, ఈఎంఐ ఎంత?" అని రెండే ప్రశ్నలు వేసి, తేడా అయిదు వేల లోపుంటే "ఇంకేం, కళ్లు మూసుకుని కొనేయ్ రా" అంటాడు. 2021 జూన్‌లో నేను నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాను.

బరంపురంలో అంబాపువా వైపు, కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. అన్నీ కలిపి 27 లక్షల దాకా అయింది. మా ఆవిడ పేరున రాయించాం, ఒడిశాలో ఆడవాళ్ల పేరు మీదైతే స్టాంపు డ్యూటీ 5 శాతం బదులు 4 శాతమే. లోన్ 20 లక్షలు, 7 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఈఎంఐ 15,506. అద్దెలు రెండూ కలిపితే 11,000. అంటే నెలకి నాలుగున్నర వేలు జేబులోంచి వేసుకుంటే ఇల్లు మనదైపోతుంది, బావ లెక్క ప్రకారం. 30 లక్షల లోపు లోన్లకి ఇంటి విలువలో 90 శాతం వరకూ ఇవ్వొచ్చు కాబట్టి బ్యాంకాయన "ఇంకో రెండు లక్షలు తీసుకోండి సార్, ఇంటీరియర్‌కి పనికొస్తుంది" అన్నాడు. ఆ మాట వినకపోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

ఇంట్లో అందరి టెన్షనూ అద్దెకొచ్చేవాళ్ల గురించే. మా అమ్మయితే ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి ఊరు, కులం, కూర, ఉద్యోగం అన్నీ అడిగి పంపించేది. చివరికి కింద మెడికల్ కాలేజీలో పనిచేసే నర్సమ్మ వచ్చింది, వాళ్లది ఇచ్ఛాపురం. పైన ఒక ఒడియా కుటుంబం, ఆయన సూరత్‌లో మగ్గాల మీద పని, డబ్బు పంపితేనే అద్దె. అయిదో తారీఖున ఇవ్వాల్సింది పన్నెండుకి ఇస్తారు, అంతే. ఇప్పటిదాకా ఒక్క నెల ఎగ్గొట్టలేదు.

నన్ను ముంచింది వడ్డీ.

నాది రెపో రేటుకి, అంటే ఆర్బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీకి, ముడిపెట్టిన లోన్. 2022 మేలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా ఆర్బీఐ రెపోని 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది, దాంతో నా 7 కాస్తా 9.5 అయింది. టీవీలో చూశాను, పేపర్లో చదివాను, కానీ నెలనెలా ఫోన్‌కొచ్చే మెసేజ్‌లో అదే 15,506 కట్ అవుతుంటే మనకేం కాలేదులే అనుకున్నాను. ఒకరోజు స్టేట్‌మెంట్ తీసి చూస్తే, కట్టిన పదిహేను వేలలో అసలు కింద జమ అవుతున్నది వందా రెండు వందలు! బ్యాంకువాళ్లు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగిస్తూ పోయారు. ఇలాగే కడితే ఎప్పటికి తీరుతుందని ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే ఇంకో 40 ఏళ్ల పైనే చూపించింది. మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్లు, వాడు రిటైరయ్యే నాటికి తీరుతుందన్నమాట.

వెంటనే బ్రాంచికి పోయి ఈఎంఐ 19,000 చేయించాను, చీటీ డబ్బు ఒక లక్ష అసలుకి కట్టాను. ఆ రెంటితో గడువు పదిహేనేళ్ల చిల్లరకి దిగింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని మనల్ని అడగాలని ఆర్బీఐ 2023 ఆగస్టులో బ్యాంకులకి చెప్పింది గానీ, మనం కూడా అప్పుడప్పుడు స్టేట్‌మెంట్ తీసి చూసుకోవాలి కదా. 2025లో రెపో మళ్లీ దిగడం మొదలుపెట్టింది, జూన్‌కి 5.5కి వచ్చింది. నేను మాత్రం ఈఎంఐ తగ్గించమని అడగలేదు. ఆ తేడా అంతా అసలుకే పోతోంది.

ఇంకో సంగతి, తుఫాను. మాది గంజాం జిల్లా, ఇది మర్చిపోతే కుదరదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా నాన్నగారి పాత ఇంటి మీద రేకులు ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు, అద్దెకున్నవాళ్లు ఊరెళ్లిపోయారు, మూడు నెలలు అద్దె లేదు, పైగా రేకుల ఖర్చు. అందుకే లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకులో "ఇన్సూరెన్స్ కూడా చేసేశాం సార్" అంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత కాగితాలు చదివితే అది నా ప్రాణానికి చేసిన ఇన్సూరెన్స్! నేను పోతే లోన్ తీరుతుంది, ఇల్లు పోతే పైసా రాదు. అప్పుడు విడిగా భారత్ గృహ రక్ష పాలసీ తీసుకున్నాను. తుఫాను, వరద రెండూ అందులో ఉన్నాయి, ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే ఆ కాలానికి అద్దె నష్టం కూడా ఇస్తారు. స్థలం విలువ కలపక్కర్లేదు, ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకే చేయించాలి. ఏడాదికి నాకు పడేది ఒక పోర్షన్ నెల అద్దెలో సగం కూడా కాదు.

ట్యాక్స్ కలిసొస్తుందనే మాట కూడా బావదే. అద్దె మీద 30 శాతం మినహాయింపు నిజమే. కానీ అద్దె కంటే వడ్డీ ఎక్కువై వచ్చే నష్టాన్ని జీతంలోంచి తీసేయడం పాత ట్యాక్స్ పద్ధతిలోనే, అదీ ఏడాదికి 2 లక్షల వరకే. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకి అది లేదు, నాకూ లేదు.

మొన్న బావ మళ్లీ ఫోన్ చేశాడు. రాయగడలో చవగ్గా స్థలం ఉందట, రెండు గదులేసి అద్దెకిచ్చుకుందామని. పట్టా ఎవరి పేరున ఉందంటే నీళ్లు నమిలాడు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ (చట్టం లాంటిదే) ప్రకారం ఆదివాసీల భూమి మనలాంటివాళ్లు కొనడానికి లేదు, కొన్నా చెల్లదు. "పవర్ ఆఫ్ అటార్నీ చేయిస్తారంటరా" అన్నాడు. ముందు భూలేఖ్‌లో (ఒడిశా భూముల రికార్డుల వెబ్‌సైట్) పట్టా చూడు బావా, ఘరబారి, అంటే ఇళ్ల స్థలం, అని ఉందో లేదో కూడా చూడు, లేకపోతే హోమ్ లోన్ మాట మర్చిపో అని పెట్టేశాను. అలిగాడు.

ఇప్పుడు నా లెక్క వేరు. అద్దె ఏడాదికి పది నెలలే వస్తుందనుకుంటాను, రెండు నెలలు ఖాళీ, సున్నం, మోటారు రిపేరు. ఆరు నెలల ఈఎంఐ ఎఫ్‌డీలో పడుంటుంది, అమ్మాయి కాలేజీ ఫీజుకి కూడా దాన్ని ముట్టుకోలేదు.

అది ఈ నెలలోనే పనికొచ్చేలా ఉంది. సూరత్ ఆయన కుటుంబాన్ని అక్కడికే తీసుకెళ్లిపోతున్నాడు, పై పోర్షన్ ఖాళీ అవుతోంది. బరంపురంలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, నీళ్లకి ఇబ్బంది లేదు, నాన్‌వెజ్‌కి అభ్యంతరం లేదు. మా అమ్మ ఇంటర్వ్యూ మాత్రం తప్పదు.