సోమవారం: నీళ్ళ క్యాను, దిండు, పిక్క

సోమవారం, రాత్రి 9:30

నేను చేసేది ఆస్టియోపతి, చేతులతో చేసే వైద్యం. సోమవారం పొద్దున నా దగ్గరికి వచ్చే నడుముల్లో సగం ఆదివారం పట్టేసినవే. బీరువా జరిపినవి, అటక దులిపినవి, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగినవి. ఈ రోజు మొదటిది మాత్రం ఈ పొద్దుటిదే. వయసు 34, ఐటీ ఉద్యోగం, నిజాంపేటలో కాపురం. ఆరున్నరకి లేచాడు, ఆరూ నలభైకి ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తి డిస్పెన్సరు మీద బోర్లించబోయాడు. కలుక్కుమంది. తొమ్మిదింటికి లోపలికి వచ్చేసరికి ఒళ్ళంతా ఎడమపక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక చెయ్యి తొడ మీద ఆన్చుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు, కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం.

లేచిన పది నిమిషాలకే ఎత్తడం, చిక్కంతా అక్కడే ఉంది. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. మనిషి రాత్రి కంటే పొద్దున ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా పొడుగ్గా ఉండేది అందుకే. ఆ ఉబ్బు మీద నడుం వంచితే డిస్కు మీద, దాని చుట్టూ పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్ల మీద పగటిపూట కంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. లేచిన గంటలోపు వంగి బరువులు ఎత్తొద్దని చెప్పేది ఇందుకు. పైగా క్యానుని ఒంటికి దూరంగా, చేతులు చాచి, ఎత్తుతూనే నడుం తిప్పుతారు. క్యాను బరువు 20 కిలోలే. ఆ భంగిమలో నడుం కింది పూసలు మోసేది దానికి ఎన్నో రెట్లు.

ఆస్టియోపతి అంటే చేతులతో కీళ్ళనీ కండరాలనీ తడిమి చూసి, చేతులతోనే వదులు చెయ్యడం. కానీ చెయ్యి వెయ్యడానికి ముందు అడగాల్సినవి చాలా ఉంటాయి. మొదటిసారి వచ్చినవాళ్ళకి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది, అందులో మొదటి ఇరవై నిమిషాలు మాటలకే. మూత్రం ఆగిపోయిందా, తెలియకుండా పోతోందా? సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారిందా? రెండు కాళ్ళలోనూ బలం తగ్గిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా బల్ల ఎక్కించకూడదు, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి పంపాలి. వెన్ను చివరన గుర్రం తోకలా ఉండే నరాల కట్ట నలుగుతోందన్న అనుమానం అది. ఆలస్యమైతే కొన్నిసార్లు ఆపరేషను చేసినా మూత్రం మీద పట్టు తిరిగి రాదు. తర్వాతి ప్రశ్నలు: రాత్రుళ్ళు జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సరు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు. మన దేశంలో వెన్నుపూసల టీబీని ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. పడుకున్నా తగ్గకుండా నెలల తరబడి సలిపే నడుమునొప్పికి మాలీషు చేయించుకుంటూ కూర్చోకూడదు.

ఈయనకి అవేవీ లేవు. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిచాడు, పాదం జారలేదు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తితే 65 డిగ్రీల దాకా వచ్చింది, తొడ వెనక బిగుతు తప్ప ఏమీ లేదు. ముప్పైకీ డెబ్బైకీ మధ్య ఎక్కడో మోకాలు దాటి కిందికి జివ్వున పాకి ఉంటే, నరం మొదట్లో ఒత్తిడి ఉందని లెక్క. ఇది కండరం పట్టేసిన నడుమే.

పక్కకి తిరిగి పడుకోబెట్టి, నొప్పి ఉన్న వైపు పైకి ఉంచి, మోకాళ్ళ మధ్య దిండు. వెన్నెముక పక్కన తాడులా బిగిసిన కండరాన్ని అడ్డంగా, నెమ్మదిగా, ఐదారు నిమిషాలు. పొడుగునా రుద్దితే అంత వదలదు. విల్లు నారిని లాగినట్టు అడ్డంగా లాగి, పట్టి, వదలాలి. తర్వాత పాదాలు బల్ల అంచు దాటించి, చీలమండలు పట్టుకుని, వాటిని పైకి నెట్టమన్నాను. తన బలంలో ఐదో వంతే వాడాలి. ఐదు సెకన్లు నెట్టడం, ఊపిరి వదులుతూ వదిలెయ్యడం, కొత్తగా వచ్చిన జాగాలోకి ఇంకాస్త జరపడం. ఇలా నాలుగుసార్లు. ఇక్కడ పాడయ్యేది ఎక్కడంటే, మగవాళ్ళు పౌరుషానికి పోయి పూర్తి బలంతో నెడతారు. అప్పుడు పక్క కండరాలన్నీ బిగుసుకుని, వదలాల్సిన కండరం వదలదు.

లేచి నిలబడితే ఒరుగు సగం పోయింది. ఈ సగం ఎంతసేపు ఉంటుందన్నది చెప్పి పంపాలి, చెప్పకపోవడం మోసం. కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు. చేతుల వల్ల వచ్చే వదులు ఒక కిటికీ తెరిచినట్టు, తెరిచి ఉన్నంతసేపట్లో కదలాల్సింది ఆయనే. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది నిమిషాలు నడక. వేడినీళ్ళ సంచి తువ్వాలులో చుట్టి పావుగంట. రోజంతా మంచం ఎక్కడం మాత్రం వద్దు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: నడుమునొప్పికి చేతి వైద్యం వాడొచ్చు, అదీ వ్యాయామంతో కలిపితేనే. రేపు ఒళ్ళు కాస్త సలపొచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

క్యాను సంగతి. నేల మీదే ఉంచి మూతికి బిగించే చిన్న ఛార్జింగు పంపు దొరుకుతుంది, మీట నొక్కితే నీళ్ళు వస్తాయి. ఎత్తే పనే ఉండదు. అది లేకపోతే సగం నీళ్ళు బిందెలోకి వంచి మిగతా సగాన్ని ఎత్తాలి. నిండు క్యానే ఎత్తక తప్పదంటే ఒక మోకాలు నేలకి ఆన్చి, క్యానుని రెండో తొడ మీదికి లాక్కుని, పొట్టకి హత్తుకుని లేవాలి. తిరగాల్సి వస్తే పాదాలు తిప్పాలి, నడుం కాదు. నిండు గ్యాసు సిలిండరు ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది, దాన్ని ఎత్తనే కూడదు, అడుగు అంచు మీద దొర్లించాలి.

పదకొండింటికి ఒక పెద్దావిడ. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"వెన్నుపూస పక్కకి జరిగిందట బాబూ. టప్పుమనిపించి లోపలికి నెట్టెయ్యి."

"ఏదీ జరగలేదమ్మా. మీరనుకునేలా పక్కకి ఊడిపోయి ఉంటే ఆటో దిగి మెట్లెక్కి రాగలిగేవారు కాదు."

నమ్మలేదు. చాలామంది నమ్మరు, అందుకే ఇక్కడ కాస్త విపులంగా రాసుకోవాలనిపిస్తోంది. ఆ టప్పుమనే చప్పుడు ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. కీలు లోపల జిగురుద్రవం ఉంటుంది. రెండు ఎముకల అంచులు చటుక్కున ఎడమైతే లోపల ఒత్తిడి పడిపోయి, కరిగి ఉన్న వాయువు బుడగలా విడివడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు వేలి కణుపు విరుస్తూ ఎం.ఆర్.ఐ.లో దీన్ని కదిలే బొమ్మలుగా తీశారు. వేలు విరుచుకోవడమూ, నడుం టప్పుమనడమూ ఒకే జాతి. చప్పుడు రాకపోయినా కీలు వదలొచ్చు. చప్పుడు వచ్చీ నొప్పి అలాగే ఉండొచ్చు. చప్పుడు కోసం ఒకే చోట రెండోసారి, మూడోసారి ప్రయత్నించే చెయ్యి మంచి చెయ్యి కాదు. ఆవిడకి 71 ఏళ్ళు, ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. అలాంటి వెన్ను మీద జర్కు ఇవ్వడం అసలు లేదు. కూర్చోబెట్టి పక్కటెముకల్ని ఊపిరితోపాటు మెల్లగా ఎత్తి దించడం, తొంటి కీలుని గుండ్రంగా తిప్పడం, అంతే. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర గోడ పట్టుకోలేదు.

డిస్కు జారిందన్న మాట కూడా ఇలాంటిదే. డిస్కు సబ్బుబిళ్ళలా జారదు, పైపూసకీ కిందిపూసకీ అతుక్కునే ఉంటుంది. అంచు ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. నొప్పే లేనివాళ్ళకి స్కాన్ తీసి చూస్తే ఇరవైల్లో ఉన్నవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి, ఎనభైల్లో ఉన్నవాళ్ళలో 80 శాతం పైన ఆ ఉబ్బు కనిపించింది. కాగితం మీద ఉబ్బు అని ఉంటే నొప్పికి అదే కారణమని అర్థం కాదు. బయటి నుంచి ఏ చెయ్యీ దాన్ని లోపలికి నెట్టలేదు.

ఎముకని చోట్లో పెట్టడమన్న ఊహ ఈ వైద్యం పుట్టుకలోనే ఉంది. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఈ పద్ధతిని ప్రకటించాడు, 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల పెట్టాడు. అంతకుముందు ఊరూరా తిరుగుతూ మెరుపులాంటి ఎముకల వైద్యుడినని చెప్పుకున్నాడు. ఆయన మాటలన్నీ ఇవాళ నిలబడవు. శరీరం ఒక్కటే, ఒక చోటి బిగుతు ఇంకో చోట నొప్పిగా తేలుతుందన్న చూపు మాత్రం రోజూ పనికొస్తుంది. మనకి పుత్తూరు కట్టు తెలుసు కాబట్టి ఆస్టియోపతి అనగానే అలాంటిదే అనుకుంటారు. పుత్తూరుకి వెళ్ళేది విరిగిన ఎముకకి కట్టు కోసం. ఆస్టియోపతి విరిగినదాన్ని ముట్టుకోదు. నడుం పడితే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవడం గురించి కూడా ఆ పెద్దావిడే అడిగింది. పట్టేసిన నడుముల్లో చాలావరకు రోజుల్లో, వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ మధ్యలో ఏది చేసినా పేరు దానికే వస్తుంది, మా చేతులకి వచ్చే పేరులో కూడా కొంత అలాంటిదే.

మధ్యాహ్నం మెడ పట్టేసిన అమ్మాయి. రెండు దిండ్లు, మంచం మీద ల్యాప్‌టాప్, తెల్లారేసరికి తల కుడికి తిరగదు. ఇంట్లో దిండు ఎండలో పెట్టారట. పెట్టడం వల్ల నష్టం లేదు, కానీ మార్చాల్సింది దిండు ఎత్తు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి చెవికీ భుజం కొసకీ మధ్య ఎడం ఎంతో, నొక్కుకుపోయాక దిండు మందం అంత ఉండాలి.

రెక్క ఎముక పైమూలలో వేలు పెడితే ఉలిక్కిపడింది. అక్కడి నుంచి మెడకి పోయే కండరం అది. ఆ చోట నొప్పిని పది అనుకోమని, వేలు తీయకుండా, తలని అదే పక్కకి వంచి భుజాన్ని చెవివైపు తెస్తూ పోతే పది ఆరయింది, నాలుగయింది, రెండు దగ్గర ఆగింది. అక్కడే కదలకుండా 90 సెకన్లు. అమెరికాలో లారెన్స్ జోన్స్ కనిపెట్టిన పద్ధతి ఇది, సాగదీయడానికి పూర్తిగా ఎదురు. ముడుచుకున్న కండరాన్ని ఇంకా ముడిచి, ఊరుకున్నాక వదలడం. చెడిపోయేది తిరిగి వచ్చేటప్పుడే. 90 సెకన్లు ఓపిక పట్టి చివర్లో తల చటుక్కున తిప్పితే కండరం మళ్ళీ పట్టుకుంటుంది. తలని మధ్యకి తేవడానికి ఇంకో పది సెకన్లు పట్టాలి, బరువు నా చేతిలోనే ఉండాలి.

"ఒక్కసారి విరిచెయ్యండి సార్, సెలూన్‌లో మా అన్నయ్యకి చేస్తారు" అంది. లేదమ్మా. మెడపూసల పక్క రంధ్రాల్లోంచి మెదడుకి రక్తనాళం పోతుంది, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. తలని చటుక్కున తిప్పి విరిస్తే ఆ నాళం లోపలి పొర చిరగొచ్చు. అరుదే, కానీ జరిగితే పక్షవాతం. క్షవరం అయ్యాక గడ్డం పట్టి మెడ తిప్పబోతే వద్దని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. ఎప్పుడూ లేనంత తలనొప్పి మెడనొప్పితో కలిసి వచ్చినా, మాట ముద్దయినా, ఒకటి రెండుగా కనబడినా, మింగుడు పడకపోయినా ఆసుపత్రికే పోవాలి.

మూడున్నరకి వచ్చినావిడ మొన్ననే డల్లాస్‌లో కూతురి దగ్గర నుంచి దిగారు. ఎడమ పిక్క పట్టేసింది, నూనె రాసి గట్టిగా పిసకమన్నారు. చీర కాస్త పైకి జరిపితే చాలు, రెండు పిక్కలూ ఒకలా లేవు. ఎడమది మెరుస్తోంది, చెయ్యి వెనక వైపు ఆన్చితే వేడి. మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి టేపు చుట్టాను. కుడి 34, ఎడమ 38. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే చాలు, అనుమానించాలి. ఇరవై గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చున్న ప్రయాణం. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, పిసికినప్పుడు గడ్డ ఊడి ఊపిరితిత్తులకి పోవచ్చు. చెయ్యి తీసేసి, సిరల్లో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ ఇప్పుడే చేయించమని చీటీ రాసి, వాళ్ళబ్బాయికి ఫోను చేసి చెప్పాను. గడ్డ ఉందట, మందు మొదలుపెట్టారట. ఆరింటికి ఫోను వచ్చింది. ఈ రోజు జరిగిన వైద్యంలో అన్నిటికన్నా మంచిది ఆ పిక్కని పిసకకపోవడమే.

సాయంత్రం ఒక జంట నెలల పాపని తెచ్చారు, ఏడుపు ఆగడానికి తల ఎముకలు సరిచేయమని. అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను.

ఆస్టియోపతికైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలని వాళ్ళే అడిగారు. బ్రిటన్‌లో 1993 చట్టం ప్రకారం రిజిస్టరులో లేనివాళ్ళు ఆస్టియోపాత్‌నని చెప్పుకోవడం నేరం. ఇక్కడ బోర్డు చూసి నమ్మడానికి లేదు, ఎక్కడ ఎన్నేళ్ళు చదివారో అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పెట్టిన కొలత ప్రకారం, వైద్యం ముందుగా చదవనివాళ్ళకి 4,200 గంటల చదువు, అందులో కనీసం వెయ్యి గంటలు రోగుల దగ్గర గురువు పర్యవేక్షణలో. వారాంతపు కోర్సు దీనికి దగ్గరికి కూడా రాదు. మొదటిరోజే ఇరవై సిట్టింగుల ప్యాకేజీ కట్టమంటే లేచి రావాలి. నాలుగు సిట్టింగుల్లో తేడా ఏమీ కనబడకపోతే దారి తప్పామనే.

గురువారం క్యాను ఆయన మళ్ళీ వస్తాడు. చూడాల్సినవి: ఒరుగు పూర్తిగా పోయిందా, సాక్సు కూర్చుని వేసుకోగలుగుతున్నాడా, కాలు 80 దాకా లేస్తోందా. బాగుంటే తొంటి ముందువైపు కండరాల సాగదీత మొదలుపెట్టాలి, రోజుకి పది గంటలు కుర్చీలో ముడుచుకుని ఉండేవి అవే. నొప్పి మోకాలు దాటి దిగితే గురువారం దాకా ఆగకుండా ఫోను చేయమని చెప్పాను. ఇప్పటిదాకా చెయ్యలేదు.