ఫ్లోరైడ్ నీళ్ల ఊర్ల జర్బెరా: నా అనుభవం

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పిన పందిరి) ఏసి, బొకేలల్ల పెట్టే జర్బెరా పూలు పెడతనంటే ఊళ్లె అందరూ అడిగింది ఒక్కటే, నీళ్లెట్ల మరి అని. మా తాతల నడుములు వంగింది ఈ బోరు నీళ్లకే కదా. అయినా బత్తాయి తీసేసిన అర ఎకరం ఖాళీగ ఉండె, లోను దొరికె, దిగినం.

మొక్కలు టిష్యూ కల్చర్‌వి. ల్యాబ్‌ల సీసాలల్ల పెంచి, వేర్లొచ్చినంక కొబ్బరిపొట్టు ట్రేలల్లకు మార్చి, మెల్లగ బయటి గాలికి అలవాటు చేసి పంపుతరు, ఒక్క తల్లి పిల్లలే గనుక రంగు తేడా రాదు. మా బాపు ట్రే పట్టుకొని "గింతంత మొక్కకు గన్ని పైసలా బిడ్డా" అన్నడు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఊక కలిపి ఎత్తు బెడ్లు కొట్టినం. నాటేటప్పుడు మొక్క మొదలు మట్టిల మునగొద్దు, మునిగితే కుళ్లుతది, కూలీలకు ఇదే చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

బోరు నీళ్ల పీహెచ్ (పులుపా, క్షారమా చెప్పే లెక్క) 8 దాటింది. జర్బెరాకు 5.5 నుంచి 6.5 నడుమ ఉండాలె, లేకుంటె ఇనుము అందక లేత ఆకులు పసుపైతయి, ఈనెలు మాత్రం పచ్చగనే ఉంటయి. డ్రిప్ ట్యాంక్‌ల ఫాస్ఫారిక్ యాసిడ్ కొంచెం కొంచెం పోసి దించినం.

మూడో నెలల పూలు మొదలైనయి. అసలు తిప్పలు బకెట్ కాడ. కాడను వంచి లాగి బోరు నీళ్లల్ల నిలబెడితే తెల్లారేసరికి రేకుల అంచులు గోధుమ రంగు, హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల బంచ్ విప్పి చూసి పక్కకు నూకిండ్రు. తెగులా అంటే చెట్టు మీద పూలు మంచిగనే ఉన్నయి. అగ్రికల్చర్ చదివిన మా తమ్ముడొచ్చి ఒక బకెట్ల బోరు నీళ్లు, ఒకదాంట్ల వాన నీళ్లు పోసి పూలు పెట్టిండు. వాన నీళ్లయి నిగనిగ. తప్పంతా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్‌దే అన్నడు. మనుషులు తాగేదానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాక ఫర్వాలేదంటరు, కోసిన జర్బెరా 1 కే ఖరాబైతదట, మనకంటె సుకుమారం!

ఇగ పాలీహౌస్ గట్టర్లకు పైపులేసి వాన నీళ్లను పాలిథీన్ పరిచిన గుంతలకు మళ్లిచ్చినం. అర ఎకరం అంటే 2 వేల చదరపు మీటర్లు, 1 సెంటీమీటరు వాన పడితే 20 వేల లీటర్లు. నాచు పట్టకుండ పైన షేడ్‌నెట్ కప్పినం. ఎండకాలం గుంత ఎండితె భగీరథ నల్లా నీళ్లు రెండు బిందెలడిగిన, "కృష్ణా నీళ్లు పువ్వులకా" అని అమ్మ తిట్టుడు.

రేటుది వేరే లొల్లి, మూఢంల కిరాయి గూడ రాదు. జర్బెరా పెట్టాలనుకునేటోళ్లు నీళ్ల టెస్టుకు ఇచ్చేటప్పుడు పీహెచ్, ఈసీ (నీళ్లల్ల ఉప్పుల లెక్క) తోటి ఫ్లోరైడ్ గూడ చూడమని రాయిచ్చుండ్రి, మనం అడగకుంటె వాళ్లు చూడరు.