డ్యూ లైన్‌లో మట్టి పని

కెనడాలో నీ బిడ్డ ఏం పని చేస్తదని ఎవరన్నా అడిగితే మా అమ్మ "మట్టి తీస్తది" అంటది. ఎంటెక్ చదివించింది ఇందుకా అన్నట్టు చూస్తారట అడిగినవాళ్ళు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఎండాకాలమంతా ఆర్కిటిక్ ఒడ్డున, ఎప్పుడో వదిలేసిన రాడార్ స్టేషన్ల చుట్టూ తిరిగి చిన్న గాజు సీసాల్లోకి మట్టి తీయడమే నా పని. మిగతా నెలలు ఎడ్మంటన్‌లో కూర్చుని ఆ మట్టి మీద రిపోర్టులు రాస్తాను.

ఆ స్టేషన్లు సోవియట్ బాంబర్ల భయంతో పుట్టినవి. ఉత్తర ధ్రువం మీదుగా విమానాలొస్తే ముందే తెలియాలని అమెరికా 1950ల్లో అలాస్కా నుంచి గ్రీన్‌లాండ్ దాకా రాడార్ల వరస కట్టించింది. పేరు డిస్టెంట్ ఎర్లీ వార్నింగ్ లైన్, అందరి నోటా డ్యూ లైన్. 1957లో పని మొదలుపెట్టింది. ఒక్క కెనడాలోనే 42 స్టేషన్లు. పెద్దవాటికి మెయిన్ అని, నడిమివాటికి అంకెలు, చిన్నవాటికి అక్షరాలు. కేంబ్రిడ్జ్ బేలోది క్యామ్-మెయిన్, ఆ తర్వాత క్యామ్-1, క్యామ్-ఎ, అట్లా. అక్షరాలవాటిని ఆరేళ్ళకే, 1963లో మూసేశారు. మిగిలినవి 1990ల తొలినాళ్ళ దాకా నడిచాయి. మూసేయడమంటే చాలాచోట్ల చేసింది ఒక్కటే, ఎక్కడివక్కడ వదిలి విమానం ఎక్కడం.

ట్విన్ ఆటర్ విమానం కంకర రన్‌వే మీద దిగకముందే కింద డ్రమ్ములు కనిపిస్తాయి. 205 లీటర్లవి, తుప్పుపట్టి, వాగు పొడుగునా గుట్టలు గుట్టలుగా, కొన్ని చెరువు లోపల కూడా. చాలామటుకు ఖాళీవే. కానీ ఖాళీదో కాదో తేలాలంటే ప్రతి ఒక్కటీ తట్టి చూడాల్సిందే. లోపల ఏదన్నా ఉంటే నిప్పురవ్వ లేవకుండా ఇత్తడి పానాతో మూత విప్పుతాం. పొడవాటి గాజు గొట్టం అడుగు దాకా దింపి, పైకొసను బొటనవేలితో నొక్కిపట్టి పైకి తీస్తే గొట్టంలో పొరలు కనిపిస్తాయి. అడుగున తుప్పునీళ్ళు, మీద టీ డికాక్షన్ రంగులో ఆయిల్. ఆ పై పొర ల్యాబుకు పోతుంది. పీసీబీ అనే విష రసాయనం 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) లోపుండి, క్లోరిన్, సీసం, కాడ్మియం, క్రోమియం కూడా హద్దు దాటకపోతే అక్కడే ఇన్సినరేటర్‌లో కాల్చొచ్చు. దాటిందా, ఇక ఆ సరుకు బార్జి (సరుకులు మోసే పెద్ద పడవ) ఎక్కి దక్షిణానికి పోవాల్సిందే.

డ్రమ్ములు కంటికి కనపడే చెత్త. నాకు ఎక్కువ పని పెట్టేది పెయింట్. అప్పట్లో పీసీబీ మంటకు లొంగని, చెక్కుచెదరని రసాయనమని మెచ్చుకుని ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పోశారు, పెయింట్ గట్టిగా నిలవాలని అందులోనూ కలిపారు. చెక్కుచెదరదన్న మాట నిజమే, ఇన్నేళ్ళ తర్వాత కూడా మట్టిలో అట్లాగే ఉంది. మాడ్యూళ్ళని పిలిచే గదుల్ని వరసగా కలిపి కట్టిన పొడుగాటి షెడ్డులోకి వెళ్తే గోడల మీంచి పెయింట్ పొలుసులు రాలి కాళ్ళ కింద నలుగుతుంటాయి. ఉలితో తలుపు మీద గీకి, వేలి గోరంత ముక్క సీసాలో వేసి పంపితే 50 పీపీఎం దాటిందని కబురొస్తుంది. అంతే, ఆ తలుపు ఇక తలుపు కాదు, ప్రమాదకర వ్యర్థం. చుట్టి, మూటగట్టి, నంబరు వేసి, కాగితాలు రాయాలి.

మురుగు గొట్టం తెరుచుకునే చోటు ఇంకో తలనొప్పి. పనికిరాని ఆయిలూ సాల్వెంటూ ఆ రోజుల్లో సింకులోనే పోసేవాళ్ళు. అందుకే ఏ స్టేషన్‌కు పోయినా మొదటి సీసా నేను అక్కడే నింపుతాను.

తీసిన మట్టికి మూడు దారులు. పీసీబీ 1 నుంచి 5 పీపీఎం లోపయితే అక్కడే మామూలు ల్యాండ్‌ఫిల్‌లో వేసి కంకర కప్పుతారు. 5 దాటి 50 లోపయితే అడుగునా పైనా ప్లాస్టిక్ పొర వేసి కట్టిన ప్రత్యేక గుంతలో పెడతారు, లేదా దక్షిణానికి పంపుతారు. 50 దాటితే చట్టం ప్రకారం అక్కడ ఉంచడానికే లేదు. ఎక్స్‌కవేటర్ తవ్వుతుంది, నేను గుంతలో దిగి అడుగునుంచీ నాలుగు గోడలనుంచీ మట్టి తీస్తాను, అంకె దిగకపోతే మళ్ళీ తవ్వుతుంది. ల్యాబు 4.8 అంటే ఒక దారి, 5.2 అంటే ఇంకో దారి. మట్టికి ఆ తేడా తెలియదు, బార్జి బిల్లు కట్టేవాళ్ళకు బాగా తెలుసు. సైట్ సూపర్‌వైజర్లు నా భుజం మీంచి తొంగిచూసేది అందుకే.

చెప్పొచ్చేదేంటంటే మేం ఎత్తుకెళ్ళేది కొంతే, మిగతాదంతా అక్కడే పాతిపెట్టి వస్తాం. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల, పెర్మాఫ్రాస్ట్, ఆ గుంతను కూడా తనలో కలిపి గడ్డకట్టిస్తుందని, విషం కదలకుండా ఉంటుందని లెక్క. నిజంగా గడ్డకట్టిందో లేదో చూడటానికి నేలలో వేడిని కొలిచే థర్మిస్టర్ తీగలు దింపుతారు. మొదటి ఐదేళ్ళు ఏటా, ఆ తర్వాత దూరం పెంచుకుంటూ ఇరవై ఐదో ఏడు దాకా చూడాలని ప్లాన్. ఆర్కిటిక్ వేడెక్కుతోందని తెలిసీ మంచును కాపలా పెట్టడం నాకు మింగుడుపడదు. అన్నీ ఎత్తుకుపోవడానికి ఎన్ని బార్జిలు కావాలో లెక్క వేసినప్పుడు మాత్రం ఇంకో దారి నాకూ తోచలేదు.

క్యాంపు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. టెంట్లు, రోజుకు పన్నెండు గంటల డ్యూటీ, పొగమంచు దిగితే విమానం రాదు, దోమలు మాత్రం వస్తాయి. సూర్యుడు అస్తమించడు. శాటిలైట్ ఫోన్లో అమ్మ "చీకటి వడకముందే లోపలికి పో బిడ్డా" అంటే "సరేనమ్మా" అంటాను. ఆ లెక్కన ఆగస్టు దాకా బయటే ఉండొచ్చు. ఎలుగుబంట్ల సంగతి అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు.

వాటి కోసం మాకు తోడుగా బేర్ మానిటర్ ఉంటాడు, భుజాన రైఫిల్‌తో. మా మానిటర్ అరవై దాటిన పెద్దాయన, ఆర్కిటిక్ మూలవాసులైన ఇనుయిట్లలో ఒకడు. నేను గుంతలో ఉన్నంతసేపూ ఆయన గట్టున నిలబడి కొండవైపు చూస్తుంటాడు. ఒకరోజు పెయింట్ చెక్కలు మూటగడుతుంటే వచ్చి ఒకటి చేత్తో తిప్పి చూశాడు. తన చిన్నప్పుడు స్టేషన్ డంపులో ఇట్లాంటి చెక్క దొరికితే పండగేనట. అక్కడ చెట్టనేది మొలవదు. వాళ్ళ నాన్న ఆ చెక్కతోనే ఇల్లు కట్టాడట. నేను తొడుక్కున్న మాస్కూ గ్లౌజులూ చూసి "మాకైతే ఇవేవీ ఇవ్వలేదు" అని నవ్వాడు.

మా ఊరు పటాన్‌చెరు దగ్గర. ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలిసి మంజీరకు పోవడం చూస్తూ పెరిగినదాన్ని, ఈ చదువు ఎంచుకున్నదీ ఆ వాగు వల్లే. అందుకే ఇక్కడి లెక్కలు మొదట విన్నప్పుడు కళ్ళు తిరిగాయి. కెనడా రక్షణ శాఖ తన వంతు 21 స్టేషన్లను 1996 నుంచి 2014 దాకా శుభ్రం చేయడానికి పెట్టిన ఖర్చు సుమారు 57.5 కోట్ల కెనడా డాలర్లు. చిన్న స్టేషన్ల భారం ఇంకో శాఖది. అమెరికా తన వంతుగా 10 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది, అదీ నగదు కాదు, తన దగ్గరే సైనిక సామగ్రి కొనుక్కునే ఖాతాలో జమ! మనుషులు అంత తక్కువున్న చోట ఇంత డబ్బు ఎందుకు కదిలిందని చాన్నాళ్ళు ఆలోచించాను. 1993లో ఇనుయిట్లు భూమి ఒప్పందం సాధించుకున్నారు. 1998లో ఈ శుభ్రత పనుల మీదా ఇనుయిట్ల తరఫున నిలిచే నునావుట్ తుంగావిక్ సంస్థతో రక్షణ శాఖ విడిగా ఒప్పందం చేసుకుంది, ఉద్యోగాల్లో, కాంట్రాక్టుల్లో వాళ్ళ వాటా ఎంతో కూడా అందులోనే రాసుకున్నారు. కాగితం మీద వాళ్ళ సంతకం ఉంది. నక్కవాగు ఒడ్డున రైతులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

అయినా అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంటుంది. సీజన్ చివర ఊళ్ళో మీటింగ్ పెడితే మేం మట్టి లెక్కలు స్క్రీన్ మీద చూపిస్తాం. వాళ్ళు ఎప్పుడూ ఒకటే అడుగుతారు, చెరువులో చేపలు తినొచ్చా? పీసీబీ కొవ్వులో చేరి, చేపనుంచి సీలుకు, సీలునుంచి మనిషికి పోతుంది. ఉత్తరానికి వచ్చే పీసీబీలో ఎక్కువ భాగం స్టేషన్లది కాదు, దక్షిణాన ఫ్యాక్టరీలనుంచి గాలిలో కొట్టుకొచ్చింది. ఆ మాట చెబితే తప్పించుకుంటున్నట్టు వినపడుతుంది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. చేపల సంగతి తేల్చాల్సింది ఆరోగ్య శాఖ, మా కాంట్రాక్టులో ఉన్నది మట్టి. మా మానిటర్ ఆ మీటింగులకు రాడు. ఆయన ఇప్పటికీ ఆ చెరువులోనే చేపలు పడతాడు, మురుగు గొట్టం వైపు ఒడ్డున మాత్రం వల వేయడు.