మామూల్

2024 డిసెంబర్ 26 రాత్రి మా మామా కబీర తన చేత్తో నాకు గావా పోసింది.

కువైట్ ఇళ్ళల్లో పనిచేసినోళ్ళకు ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. గావా అంటే ఇక్కడి అరబ్బు కాఫీ. మామా కబీర అంటే ఇంటి పెద్దామె, ఎనభై దగ్గర పడిన మనిషి. కువైట్‌లో సల్వా అనే చోట వీళ్ళింటికి వచ్చి నాకు మూడేళ్ళు దాటింది. దల్లా, అంటే గావా కూజా, ఎడమ చేత్తో పట్టుకోవాల, ఫింజాన్, అంటే చిన్న కప్పు, కుడి చేత్తో అందించాల, అడుగున రెండు గుక్కలకు మించి పోయకూడదు అని నాకు నేర్పింది ఆమే. ఆ రాత్రి దల్లా ఆమె చేతిలో ఉంది. చెయ్యి వణికి రెండు చుక్కలు తివాచీ మీద పడినాయి. నేను తుడవబోతే కూర్చోమనింది.

అంతకు ముందు వంటింట్లో ఫోన్ చూసుకుంటా ఉంటే మన్మోహన్ సింగ్ పోయినాడని వచ్చింది. 92 ఏళ్ళు, ఢిల్లీ ఎయిమ్స్‌లో. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నీళ్ళ గ్లాసు తీసుకోని పోతే ఆమె నా మొగం చూసి, మీ ఇంట్లోవాళ్ళా అనింది. కాదు మామా, మా పాత ప్రధానమంత్రి అన్నాను. నవ్వుతాదేమో అనుకున్నా. నవ్వలేదు. హీటర్ పక్కన నన్ను కూర్చోబెట్టి "అజ్జమల్లా అజ్రిచ్" అనింది. చావు ఇంటికి పోయినప్పుడు వీళ్ళు చెప్పుకునే మాట అది. 2023 డిసెంబర్‌లో వాళ్ళ అమీర్, అంటే రాజు, షేక్ నవాఫ్ పోయినప్పుడు ఆమె టీవీ ముందు ఏడుస్తా ఉంటే నేను పక్కన కూర్చున్నానంట. నాకు గుర్తే లేదు. ఆమెకు గుర్తుంది.

ఆ గావా చేదు గొంతు దిగినాక నోరు జారినాను. మా అమ్మ కూడా పోయింది మామా, ఈ సంవత్సరమే.

ఎప్పుడు అనింది.

ఈద్ ముందురోజు.

ఆమె దల్లా కింద పెట్టింది. ఎనిమిది నెలలా అనింది. ఆ రోజు మామూల్ చేసింది నువ్వే కదా అనింది. నాకు వంటింటి అరబ్బీ తప్ప రాదు, తర్వాత ఆమె అన్నదాంట్లో సగం అర్థం కాలేదు. అర్థమైనంతలో ఇది: "మేము నీ కంటికి మనుషులం కాదా?" లేచి గదిలోకి పోయింది. ఆ తర్వాత వారం రోజులు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు.

చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదే మరి. కానీ ఆ మాట నాకు యాడో గుచ్చుకుంది. ఆ వారమంతా గిన్నెలు తోముతా ఆమెకు జవాబులు చెప్పుకున్నాను, లోపల్లోపల, తెలుగులో.

ఏప్రిల్ 9. మనకు క్రోధి ఉగాది, వీళ్ళకు రంజాన్ ముప్పయ్యో రోజు. పొద్దున అయిదున్నరకు అన్న ఫోన్ చేసినాడు. ఎండాకాలం, శవం నిలవదు, మధ్యాహ్నానికే ఎత్తేస్తామన్నాడు. నా పాస్‌పోర్టు యాడుందో కూడా ఆ క్షణానికి నాకు తెలియదు. అనంతపురం జిల్లా నార్పల మండలంలో మా ఊరు. ఇక్కడినుంచి ఎంత ఉరికినా ఒక రోజు దాటుతాది. స్టోర్ రూంలో బియ్యం మూటల మధ్య నిలబడి సౌండ్ తీసేసి వీడియోలో చూసినాను. పసుపు పూసిన మొగం, నోట్లో తులసాకు. ఎవరో అడ్డమొచ్చినారు. అంతే.

బయటికొచ్చి మామూల్ చేసినాను. మామూల్ అంటే ఇక్కడ ఈద్‌కు చేసే బిస్కెట్టు. రవ్వపిండి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి, ఖర్జూరం పూర్ణం పెట్టి మూసి, కొయ్య అచ్చులో అదిమి, అచ్చును బల్ల అంచుకు టక్కుమని కొడితే పువ్వు మాదిరి ఊడి పడతాది. ఉగాది పొద్దున మా అమ్మ కూడా పూర్ణం ముద్దలే చేస్తా ఉండేది, బచ్చాలకు. ఆ రోజు నేను చేసినవి రెండు వందలకు పైనే. ఒక్కటీ చెదరలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయినాయి. మైల ఉన్న చేతులు, మన లెక్కన పొయ్యి దగ్గరికే పోకూడదు. అది ఎవరికి చెప్పేది?

పండగ ఇంట్లో చావుమాట ఎత్తకూడదని చెప్పలేదు మామా, అని ఒక జవాబు. నిజమే, కానీ పండగ మూడు రోజుల్లో అయిపోయింది, మిగిలిన ఎనిమిది నెలలు ఏమైనాయి అంటే దానికి జవాబు లేదు. జీతం కోస్తారని భయపడ్డానా? వీళ్ళు అట్లాంటోళ్ళు కాదు. నెలకు 120 దినార్లు, ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు.

అసలు సంగతి వేరే. మా నాయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మ నన్ను వెంటబెట్టుకోని, తను పనికి పోయే ఇంటికి పోయి చెప్పింది. ఆ ఇంటాయన అయ్యో అన్నాడు. ఆ వెనకే, రేపు శెనిక్కాయలు పీకనీకి నీ బదులు ఎవరొస్తారు అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు దోవలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వేళ్ళు నొప్పి పుట్టేటట్టు. పనిచేసే ఇంట్లో మన చావులు చెప్పుకోకూడదని ఆమె నోటితో నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేకపోయింది.

ఇది చదివి మా ఊరంతా అట్లాంటిదే అనుకుంటారేమో. కాదు. శవం లేచేదాకా మా వీధిలో ఏ ఇంట్లో పొయ్యి వెలగదు. పిలవకుండానే నలుగురొచ్చి నీళ్ళు తోడిపెడతారు. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లు లేస్తే మా అమ్మ తలమీద చక్కెర పెట్టుకోని పొయ్యేది. ఈ సాయిబుల ఆచారాలు నాకు కొత్తేం కాదు మామా, మనుషుల సంగతి నాకు మీరు నేర్పాల్సిన పనిలేదు అని కూడా ఒక రాత్రి అనుకున్నా. కోపంగానే.

మరి ఆ మన్మోహన్ సింగ్ కోసం ఎందుకు ఏడిస్తివి అంటే, 2006 ఫిబ్రవరి 2న ఆయన మా పక్కన బండ్లపల్లికి వచ్చినాడు, సోనియా గాంధీతో. ఉపాధి హామీ దేశంలో మొదలైంది ఆడినుంచే. నేను ఆరునెలల కడుపుతో ఉన్నా. వద్దురా అంటానే అమ్మ నన్ను ట్రాక్టర్ ఎక్కించింది. జనంలో మాకు తలపాగా తప్ప ఏమీ కనపడలేదు. "గట్టిగా మాట్లాడనీకి రాదేమో ఈయప్పకు" అనింది అమ్మ. ఆ జాబ్ కార్డుతోనే తర్వాత కందకాలు తవ్వింది, గుంటలు తవ్వింది. పక్కనోళ్ళ చేన్లో శెనిక్కాయలు పీకనీకి మళ్ళీ పోలేదు. ఆ ఇంటాయన ఎదురొస్తే దోవ తప్పుకోవడం కూడా మానేసింది. 2024లో ఆ కూలి రోజుకు 300, అప్పటి దినారు కంటే కొంచెం ఎక్కువ.

ఆ కడుపులోని పిల్లే ఏప్రిల్ 12న ఇంటర్ పాసైంది, అవ్వ పోయిన మూడో రోజు. అన్న ఇంట్లో అందరూ గుండ్లతో కూర్చోనుంటే ఫలితాలొచ్చినాయి. పిల్ల సంతోషం ఎవరికీ చెప్పుకోలేదంట. ఆ సంగతి నాకు జూన్‌లో తెలిసింది, అదీ ఇక్కడ మంగఫ్‌లో పనోళ్ళుండే బిల్డింగ్ కాలిపోయినాక. 50 మంది దాకా పోయినారు, ఎక్కువమంది మనదేశమోళ్ళే, నిద్రలో ఉన్నోళ్ళు ఉన్నట్టే. ఆ పొద్దున ఇంటినుంచి ఫోన్ల మీద ఫోన్లు. మంగఫ్ మాకు దూరమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. పిల్ల మాత్రం ఒక్కటే అడిగింది: "నీకేమన్నా అయితే మాకు ఎన్ని రోజులకు చెప్తారమ్మా?" అప్పుడు కూడా నాకు తగల్లేదు.

మిగతా సంవత్సరం గురించి రాయాలంటే ఉంది. ఓట్లు నేను లేకుండానే అయిపోయినాయి. బార్బడోస్‌లో మనోళ్ళు 7 పరుగులతో కప్పు గెలిస్తే డ్రైవర్ రాజంపేట అన్న వాకిట్లో గంతులేసినాడు. బెజవాడ మునిగింది. చదరంగంలో గుకేష్ గెలిచినాడు. డిసెంబర్ 21న మోదీ వస్తే, 43 ఏళ్ళ తర్వాత మన ప్రధాని ఒకరు కువైట్‌లో దిగినాడని రాజంపేట అన్న నాలుగు రోజులు అదే మాట. ఇవన్నీ నాకు తారీఖులతో సహా నోటికొస్తాయి. దానికేమీ గొప్పలేదు, ఇంటివాళ్ళతో మాట్లాడనీకి నాకు మిగిలినవి అవే. వాళ్ళకూ నాకూ ఒకే పొద్దు తెలిసేది వార్తలొక్కటే.

సంక్రాంతి వస్తాంది, మాకు లేదు, ఏడాది దాకా పండగల్లేవు. ఇంక నుంచి ఉగాది అంటే మాకు అమ్మ తిథి.

27న శుక్రవారం కొడుకులందరూ ఎడారిలో టెంట్లు వేసుకోని పోయినారు కాబట్టి ఇల్లు ఖాళీ. మామా ఒక్కతే, నేనొక్కదాన్నే, మాటల్లేవు. జనవరి 3న మళ్ళీ అందరూ భోజనానికి వచ్చినారు. నేను మజ్బూస్, అంటే మాంసం అన్నం, పళ్ళెం పెట్టేసి వంటింట్లోకి పోతే మామా పిలిచింది. పోయి నిలబడితే కోడళ్ళు, కూతుర్లు, మనవరాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచొచ్చి నా చెయ్యి పట్టుకోని "అజ్జమల్లా అజ్రిచ్" అన్నారు. చిన్న కోడలు ఏడ్చింది కూడా. మామా నా వైపు చూడలేదు, అమ్మ పేరు మాత్రం అడిగింది. లక్ష్మమ్మ అన్నాను. రెండుసార్లు పలకబోయి వదిలేసింది.

తర్వాత అందరూ గావా తాగినారు. అందరూ పోయినాక ఫింజాన్లు లెక్కపెట్టి కడిగినాను. పదకొండు.