ప్రింట్ ఎప్పుడు కొట్టాలో తెలియడానికి నాకు ఒక సీజన్ పట్టింది

వరంగల్ దగ్గర మడికొండ వైపు ఒక చిన్న అట్టపెట్టెల యూనిట్‌లో ప్లానింగ్ చూస్తాను. పేరుకే ప్లానింగ్. పొద్దంతా ఫోన్లు ఎత్తడం, పార్టీలకు సర్దిచెప్పడం, ఏ మిషన్ మీద ఏ జాబ్ ఎక్కాలో బోర్డు మీద రాయడం, ఇదే పని. ఏడాదంతా కారం పొడి, విత్తనాల పెట్టెలు నడుస్తుంటాయి. ఏప్రిల్, మే వచ్చాయంటే మామిడి పెట్టెలు. మా టెన్షనంతా ఆ రెండు నెలలే.

చేరిన కొత్తలో శనివారం సాయంత్రమే వచ్చే వారం ప్లాన్ మొత్తం రాసి గోడకు అంటించేవాణ్ణి. ఓనర్ సార్‌కు అది చూస్తే ముచ్చట. మంగళవారానికల్లా అది చిత్తుకాగితం.

ఒక ఏప్రిల్‌లో జగిత్యాల వైపు పండ్ల వ్యాపారి ఒకాయన 4,000 పెట్టెలు చెప్పాడు. 5 ప్లై, అంటే ఐదు పొరల అట్ట, పక్కలకు గాలి రంధ్రాలు, రెండు రంగుల్లో ఆయన మార్కా. డెలివరీ శుక్రవారం. సోమవారం ప్రింటర్ ఖాళీగా కనిపించింది. మిషన్ ఊరికే ఉంటే నాకు మనసున పట్టదు, ఆ రోజే కొట్టించేశాను. బుధవారం రాత్రి ఈదురుగాలి, వడగళ్లు. గురువారం పొద్దున్నే ఫోన్: "కాయంత రాలింది సార్, వెయ్యి పంపుండ్రి, సాలు." ఆయన్ని ఏమంటాం? మిగతా 3,000 పెట్టెలు తుక్కు ధరకు పోయాయి.

అవి లోడ్ చేస్తుంటే ప్రింటర్ ఆపరేటర్ అన్న మెల్లగా అన్నాడు: "షీట్లుగ ఉంటే ఎవలకన్న పనికొచ్చు సార్. మార్కా వడ్డంక గది ఆయన సొమ్మే."

టొయోటాలో టైచీ ఓనో చెప్పిన ఏడు వృథాల్లో అవసరానికి ముందే చేసిపెట్టడం అన్నిటికంటే చెడ్డదని ట్రైనింగ్‌లో చదివాను. పరీక్షలో రాశాను కూడా. ఆ లోడు పోతుంటే చూశాకే అర్థమైంది.

అప్పటి నుంచి ఒక్కో పనికి ఒక్కో గడువు చూసుకోవడం మొదలుపెట్టాను. క్రాఫ్ట్ పేపర్ రీళ్లు మిల్లు నుంచి రావడానికి మాకు వారం పది రోజులు పడుతుంది, కాబట్టి ఆ నిర్ణయం ముందే తీసుకోక తప్పదు. కానీ అప్పుడు ఎవరి పెట్టె అన్నది అక్కర్లేదు. రీలు వెడల్పు, జీఎస్ఎం (చదరపు మీటరు పేపర్ బరువు), బీఎఫ్ (ఒత్తిడికి చిరగకుండా ఆగే బలం) తేలితే చాలు. తర్వాతది పేస్టింగ్. స్టార్చ్ గమ్‌తో అతికిన అట్ట బరువు కింద ఒక రాత్రయినా ఆరాలి, ముసురు పట్టిందంటే ఇంకా ఎక్కువ. ఆపరేటర్ అన్న షీటు మూల వంచి చెవి దగ్గర పెట్టుకుంటాడు. టక్కున మోగితే ఆరినట్టు, మెత్తగా వంగితే ఇంకా పచ్చి. పచ్చిదాన్ని ప్రింటర్‌లోకి తోస్తే ఫ్లూట్, అంటే లోపలి అలల పొర, నలిగిపోతుంది. అందుకే పేస్టింగ్ ఒక రోజు ముందు ఖాయం చేస్తాం. ఇక ప్రింట్ సంగతి సాయంత్రం నాలుగింటికి, అదీ రేపు పోవాల్సిన పెట్టెల వరకే. ముందు పార్టీలకు ఫోన్, తర్వాతే బోర్డు. నాలుగు దాటాక ఓనర్ సార్ చెప్పినా మార్చేది లేదని ఆయనతోనే ఒప్పించుకున్నాను.

చెప్పినంత సులువుగా జరగలేదు. ప్రింట్ చివరికి నెట్టేసరికి చిన్న చిన్న జాబులన్నీ ఒకే రోజు మీద పడ్డాయి. జాబ్ మారిన ప్రతిసారీ ఇంక్ కడగాలి, పాత స్టీరియో (మార్కా అచ్చు వేసే రబ్బరు ప్లేటు) పీకి కొత్తది అతికించాలి, రంగు కుదిరేదాకా పది పదిహేను షీట్లు పాడు చేయాలి. 50 నిమిషాలు ఇట్టే పోయేవి. రోజుకు ఆరు జాబులంటే లెక్క మీరే వేసుకోండి. జపాన్ ఇంజనీరు షిగెయో షింగో చెప్పిన పద్ధతి అక్కడ పనికొచ్చింది: మిషన్ నడుస్తుండగా చేయగలిగిన పనిని మిషన్ ఆగాక చేయొద్దు. తర్వాతి జాబ్ స్టీరియోలు ముందే షీటు మీద అతికించి పెట్టుకున్నాం, ఇంక్ ముందే కలిపి కప్పుతో చిక్కదనం చూసి పెట్టుకున్నాం. 22 నిమిషాలకు దిగింది. షింగో చెప్పింది పది నిమిషాల లోపు. మా పాత మిషన్‌కు అంత ఆశ లేదు.

ఇంకో తప్పూ చేశాను. ఊపులో అన్నీ చివరికే పెట్టాను. ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయి రాత్రిదాకా రాలేదు. కారం పొడి కంపెనీ లారీ గేటు దగ్గర పదకొండింటి దాకా నిలబడింది, డ్రైవర్ తిట్లన్నీ నాకే. ఆ పెట్టె ప్రింట్ ఏళ్లుగా మారలేదు, వారం వారం పోతూనే ఉంటుంది. దానికోసం చివరిదాకా ఆగడమెందుకు? ఇప్పుడు ప్రింటర్ ఖాళీ దొరికితే ఎక్కేది అదే.

మరుసటి ఏడాది అదే వ్యాపారి మళ్లీ వచ్చాడు, ఈసారి 2,500. షీట్లు బుధవారానికే సిద్ధం. గురువారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే 2,200 అన్నాడు. ప్రింట్ సాయంత్రం మొదలుపెట్టాం, శుక్రవారం పొద్దున ఆరింటికి బండి కదిలింది. మిగిలిన 300 షీట్లు కోసి విత్తనాల పెట్టెలకు వాడేశాం. అంచుల తుక్కు కొంత పోయింది, పోనీ.