160 ఎకరాలు, ఒక సొరంగం, మా అమ్మాయి పాస్‌పోర్టు

కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే పిల్లల చదువుల మాటే. లెక్కల్లో ఏ లెవెల్, కోడింగ్ ఎక్కడ నేర్పిస్తున్నారు, ఆదివారం తెలుగు బడికి పంపుతున్నారా. చరిత్ర సంగతి మాత్రం ఎవరూ అడగరు. "సోషల్‌లో ఏముందండీ, పరీక్ష ముందు రోజు చదువుకుంటే చాలు" అనేస్తారు. నేను ఒప్పుకోను. మా అమ్మాయి ఈ దేశ పౌరురాలు ఎలా అయింది, మేమింకా గ్రీన్‌కార్డు లైన్లోనే ఎందుకున్నాం అని పిల్ల అడిగితే, చెప్పడం మొదలుపెట్టాల్సింది పంతొమ్మిదో శతాబ్దపు చివరి నలభై ఏళ్ళ నుంచే.

అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా పడమటి వలసల మీద ప్రాజెక్టు ఇచ్చారు. అప్పుడు మా మావయ్యగారు పల్నాడు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మనవరాలు డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి చెబుతోంది: 1862లో లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు, దరఖాస్తు రుసుము కట్టి, ఇల్లు వేసుకుని అయిదేళ్ళు సాగు చేస్తే 160 ఎకరాలు నీదే.

"ఊరికేనా?"

"ఊరికే తాతయ్యా."

"పట్టా కూడా ఇచ్చారా?"

"ఇచ్చారు."

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "నీళ్ళో?"

టీచరుకి కూడా తట్టని ప్రశ్న అనుకుంటా అది. నెబ్రాస్కా, డకోటాలు దాటి పడమటికి పోయేకొద్దీ వానలు తగ్గిపోతాయి. "సాగర్ కాలవ రాకముందు మా వైపూ ఎకరాలకేం కొదవ లేదమ్మా, గింజలకే కొదవ. వాన లేని మెట్ట 160 ఎకరాలు ఏం చేసుకుంటారు?" అన్నారాయన. సరిగ్గా ఇదే మాట 1878లో జాన్ వెస్లీ పవెల్ అనే ఆయన ప్రభుత్వానికి నివేదిక రాసి మరీ చెప్పాడు. నీటి వసతి ఉంటే 80 ఎకరాలు చాలు, పశువుల మేతకే అయితే 2,560 ఎకరాలైనా కావాలి, మధ్యలో ఈ 160 దేనికీ కొరగాదు అని. ఇక్కడి చట్టసభ, అంటే అమెరికా కాంగ్రెస్, వినిపించుకోలేదు. అయిదేళ్ళు నిలవలేక వదిలేసి పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

మావయ్యగారి రెండో ప్రశ్న ఇంకా సూటిగా వచ్చింది. "ఖాళీ నేల అన్నారంటే ఎవర్నో లేపి ఉంటారు. ఎవర్ని?" బంజర్ల తగాదాలు చూస్తూ పెరిగిన మనిషి మరి. అమ్మాయి డాస్ చట్టం గురించి చెప్పింది. 1887లో ఆదివాసీ తెగల ఉమ్మడి భూములని కుటుంబానికింత అని ముక్కలు చేసి పంచి, మిగిలింది 'మిగులు' అని చెప్పి బయటివాళ్ళకి ఇచ్చేశారు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకి వచ్చాయి. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఇండియాకి ఫోన్ చేసి మా సర్వే నెంబరు కాగితాలు ఎక్కడున్నాయో ఒకసారి చూడమని మా మరిదితో చెప్పారు!

చలికాలంలో ఇక్కడివాళ్ళమంతా మంచు చూడ్డానికి టాహో వెళ్తాం. దారిలో డోనర్ సరస్సు పైన కొండలో పాత రైలు సొరంగాలు ఉన్నాయి, అమెరికా తూర్పునీ పడమటినీ కలిపిన మొదటి రైలు దారివి. ఇప్పుడు పట్టాలు లేవు, నడిచి వెళ్ళొచ్చు. పెద్దదాని పొడవు 1,659 అడుగులు. టార్చి వేస్తే గోడ మీద వేలు పట్టేంత వెడల్పున సగం గొట్టాల్లా గాడులు కనిపిస్తాయి. పేలుడు మందు కూరడానికి తొలిచిన రంధ్రాలవి. ఉక్కు ఉలిని ఒకడు పట్టుకుని తిప్పుతుంటే మిగతావాళ్ళు సమ్మెటలతో కొట్టేవాళ్ళట. రెండు చివర్ల నుంచీ, మధ్యలో పైనుంచి బావిలా దిగి మళ్ళీ రెండు వైపులకీ, మొత్తం నాలుగు చోట్ల తొలిచినా, ఒక్కో చోట రోజుకి అడుగూ రెండడుగులకి మించి సాగేది కాదు. ఆ చేతుల్లో ఎక్కువ భాగం చైనావాళ్ళవి. 1867 జూన్‌లో వేల మంది పని ఆపేసి, నెలకి 40 డాలర్లు ఇమ్మన్నారు, సొరంగంలో పని గంటలు తగ్గించమన్నారు. కంపెనీ పెద్ద చార్లెస్ క్రాకర్ కొండ మీదికి తిండి రాకుండా ఆపించాడు. వారంలో సమ్మె అయిపోయింది. 1869 మే 10న యూటాలో రెండు వైపుల పట్టాలూ కలిశాయి. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆ రోజు ఫొటోలో, ఇంజన్ల ముందు సీసాలు పట్టుకున్న గుంపులో, వాళ్ళని వెతికి పట్టుకోవడం కష్టం.

రైలు వచ్చాక కాలిఫోర్నియాకి తూర్పు సరుకు చవగ్గా దిగింది, 1873 మాంద్యం కూడా తోడై పనులు పోయాయి. కోపం రైలు యజమానుల మీద మొదలై చైనా కూలీల మీదికి మళ్ళింది. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు పక్క ఇసుక స్థలంలో సభలు పెట్టి "చైనావాళ్ళు పోవాల్సిందే" అని ఊదరగొట్టిన డెనిస్ కియర్నీ స్వయంగా ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. ఓట్ల లెక్క చూసుకుని రెండు పార్టీలూ ఆ పాటే అందుకున్నాయి. 1882లో చట్టం వచ్చింది: చైనా కూలీలు రాకూడదు, వ్యాపారులూ విద్యార్థులూ రావచ్చు, ఎవరికీ పౌరసత్వం మాత్రం ఇవ్వకూడదు. 1943 దాకా అది పోలేదు. ఎవరు ఏ కేటగిరీ, ఏ దేశం అని చూసి వరస కట్టించడం గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనకి కొత్తేమీ కాదు కదా!

ఇక మా పిల్ల పాస్‌పోర్టు సంగతి. వాంగ్ కిమ్ ఆర్క్ 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. వంటపని చేసేవాడు. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కావంటూ నెలల తరబడి ఓడల మీదే ఉంచేశారు. ఆయన కోర్టుకెక్కాడు. తల్లిదండ్రులకి పౌరసత్వం వచ్చే దారి లేకపోయినా ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడేనని 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2తో తేల్చింది. మేం హెచ్‌-1బి మీద ఉండగా పుట్టిన మా అమ్మాయికి నీడనిచ్చింది ఆ తీర్పే. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే ఇకపై పుట్టే పిల్లలకి పౌరసత్వం వద్దని 2025 జనవరిలో అధ్యక్షుడి ఆదేశం వచ్చినప్పుడు, మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఆ వంటవాడి పేరే. మా ఇంట్లో మాత్రం అప్పటికే పాత పరిచయం.

మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో, పాతికేళ్ళ కిందట వచ్చి స్థిరపడిన ఒకాయన "ఇప్పుడొచ్చేవాళ్ళు మా రోజుల్లోవాళ్ళలా కాదండీ, కొన్నాళ్ళు గేటు మూసేయాలి" అంటున్నాడు. మా అమ్మాయి పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. "అంకుల్, మీకు డెనిస్ కియర్నీ తెలుసా?" అంది.

"ఎవరమ్మా, మీ స్కూల్లోనా?"

చెప్పింది. ఇసుక స్థలం, ఐర్లండ్, 1882, అన్నీ, ఊపిరి తీసుకోకుండా. ఆయన నా వైపు చూసి "బాగా చదివిస్తున్నారండీ" అని, పెరుగు పచ్చడి ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.