మాతకు మంగళం

ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీ ప్రభుత్వాన్ని తిట్టడానికి లేదు. పొగిడితే మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మన హాస్టల్ పాటలన్నీ ఆ సందులోంచే పుట్టుకొచ్చాయి.

దారి చూపించింది తెలుగు క్లాసు. మా మాస్టారు అప్పట్లో కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెబుతున్నారు. శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి ఆ కవి పొగుడుతున్నట్టే ఉంటుంది, వింటుంటే దేవుడి పరువు పోతూ ఉంటుంది. ప్రతి పద్యం చివరా 'చిత్ర చిత్ర ప్రభావ! దాక్షిణ్య భావ!' అని ఒక నమస్కారం కూడాను. వ్యాజస్తుతి అంటే ఇదేనని ఆయన చెప్పి వదిలేశారు. మేం వదల్లేదు.

హాస్టల్లో శనివారం సాయంత్రం భజన మామూలే. మెస్ ప్లేట్లు తాళాలు, బకెట్ మృదంగం. చివర్లో హారతి పాట బాణీలోనే ఇది పాడేవాళ్లం:

ఇరవై సూత్రాల తల్లికి మంగళం
మాటలు మాన్పిన మాతకు మంగళం
రైళ్లన్నీ వేళకు నడిపిన రాణికి
నోళ్లన్నీ మూసిన నేర్పుకు మంగళం

ఇందులో మా సొంత కల్పన చాలా తక్కువ. 1975 జులైలో ఇరవై సూత్రాల పథకం వచ్చింది. 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అని గోడల మీద వాళ్లే రాశారు. రైళ్లు టైముకు వస్తున్నాయని మురిసిపోయిందీ వాళ్లే. 'ఇందిరే ఇండియా' అని కాంగ్రెస్ అధ్యక్షుడు బారువా గారే అన్నాక, అంతకు మించి వెటకారం చేయడం మా తరమా? మేం చేసిందల్లా దానికి తాళం వేయడమే.

ఒక శనివారం వార్డెన్ గారు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నారు. మాకు ఒకటే టెన్షన్. "ఏం పాట్రా ఇది?" అన్నారు. "ఇరవై సూత్రాల మీద సార్" అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "రెండో చరణంలో తాళం తప్పుతోంది, చూసుకోండి" అని వెళ్లిపోయారు. ఆయనకు అర్థమైందా లేదా అని నేటికీ మా బ్యాచ్‌లో రెండు పార్టీలున్నాయి. నాది అర్థమైందనే పార్టీ.

1976 మేలో రేడియోలో కిశోర్ కుమార్ పాటలు ఆగిపోయాయి. ప్రభుత్వ కార్యక్రమంలో పాడనన్నందుకు ఆ శిక్ష. అప్పటినుంచి మా స్నానాల గదుల్లో ఆయన పాటలే.

ఇదంతా పెద్ద సాహసమని ఇప్పటి పిల్లలకు చెప్పుకుంటే నాకే సిగ్గు. 1975 జులైలోనే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ) విద్యార్థి సూరపనేని జనార్దన్‌నూ, మరో ముగ్గురినీ పోలీసులు చంపేశారు. ఎదురుకాల్పులన్నారు. చెట్లకు కట్టి కాల్చారని 1977లో పౌరహక్కుల తరఫున విచారణ జరిపిన తార్కుండే కమిటీ తేల్చింది. ఆ వార్త మాకు పేపర్లో కాదు, వరంగల్‌లో చదివే ఒక సీనియర్ తమ్ముడి ద్వారా తెలిసింది. దాని మీద ఎవరం పాట కట్టలేదు. వ్యాజస్తుతికి అక్కడ చోటు లేదు.

1977 మార్చిలో ఎన్నికలు. అప్పట్లో ఓటు 21 ఏళ్లకు కాబట్టి మాలో చాలామందికి అది కూడా లేదు. రాయ్‌బరేలీలో ఇందిరమ్మ 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడిందని రేడియో చెప్పగానే ప్లేట్లన్నీ మోగాయి. తర్వాత మన రాష్ట్రం లెక్క వచ్చింది. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే! నంద్యాలలో జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారొక్కరే గట్టెక్కారు. రెండేళ్లు మేం పాడిన పాట మెస్ గోడ దాటి ఎవరి చెవిన పడిందో దాన్నిబట్టే తెలిసింది.

వచ్చే శనివారానికి కొత్త చరణం తయారైంది:

నలభై రెండింట నలభై ఒక్కటి
నైవేద్యమెట్టిన మాకే మంగళం

ఈ చరణానికి మాత్రం హాస్టల్లోని కాంగ్రెస్ అభిమానులు కూడా గొంతు కలిపారు.